మా మామ జమానతు

నాకు నల్లగొండలో బ్యాంకు ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు మా అమ్మ జీతమెంత అని అడగలేదు. నీ చేతిలో ఉండే పైసలు ఎవరివి అని అడిగింది. అందరివీ అన్నాను గొప్పగా. అప్పటిదాకా ఆమె ముఖంలో ఉన్న సంతోషం కాస్తా తగ్గింది. పొయ్యి దగ్గర కూర్చున్న మా బాపు వైపు తిరిగి, ఊరందరి గొర్లనూ వీడొక్కడికే అప్పజెప్తున్నారట అని చెప్పింది. నాకు ఒళ్లు మండింది. అరవైలు మొదలైన రోజులవి. మా రామన్నపేట వైపు ఊళ్లలో బ్యాంకు గడప తొక్కిన మనిషే లేడు. ఇంత కష్టపడి పరీక్ష గట్టెక్కితే గొర్లతో పోలుస్తుందేమిటని అలిగి, కంచం ముందు నుంచి లేచిపోయాను.

మాది గొర్లు కాసే ఇల్లు. బాపుకు మంద ఉంది గాని భూమి లేదు. నల్లగొండలో చిన్న అర్ర కిరాయికి తీసుకుని చదువుకున్నాను. ఆ చదువుకు ఏటా కొన్ని పొట్టేళ్లు పోయాయి. మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు, నేనూ ఎత్తను. నాకు వచ్చింది క్యాషియరు ఉద్యోగం. ఉత్తర్వుతో పాటు ఇంకో కాగితం వచ్చింది. ఆస్తి ఉన్న మనిషి ఎవరైనా నాకు జమానతు ఉండాలి, అంటే పూచీ పడాలి. నేను డబ్బు కాజేసినా, పోగొట్టినా, ఆ మనిషి ఆస్తి నుంచి బ్యాంకు వసూలు చేసుకుంటుంది. పూచీ దొరకకపోతే ఉద్యోగం లేదు.

ఇప్పుడు బ్యాంకుల్లో ఈ పనికి ఒక శాఖే ఉంది. పెద్ద పెద్ద చదువులు చదివిన వాళ్లు చల్లటి గదుల్లో కూర్చుని, ఎక్కడ నష్టం రావచ్చో ముందే అంచనా వేస్తారు. ఆ చదువు చదవడానికి పిల్లలు పట్నాలకు పోతున్నారు, ఫీజులు కడుతున్నారు. అప్పట్లో ఆ శాఖ మొత్తం ఒక స్టాంపు కాగితమూ, దాని కింద ఒక రైతు వేలిముద్రా.

బాపు మొదట మా ఊరి పెద్దల దగ్గరికి పోయాడు. ఒకాయన చాలా సంతోషమన్నాడు, చాయ్ తాగించాడు, మళ్లీ కనబడలేదు. ఇంకొకాయన, కొడుకులను అడిగి చెప్తానన్నాడు. ఆయన కొడుకులు అప్పటికి నిక్కర్లు వేసుకునే వయసు వాళ్లు. బాపు కర్ర తీసుకుని తిరుమలగిరి దాటి ఉన్న మా అమ్మ పుట్టింటికి నడిచాడు. అక్కడ మా మామ ఉన్నాడు. అమ్మకు పెద్దన్న. ఆయనకు మందతో పాటు కొంత మెట్ట చెల్క, మోట బావి కింద కాస్త పొలం ఉన్నాయి. పట్టా ఆయన పేరు మీదనే ఉంది. బాపు సగం చెప్పగానే మామ లేచి తలకు రుమాలు చుట్టాడట.

తహసీలు కచేరీలో గుమాస్తా మామను పైనుంచి కిందికి చూసి, దీని అర్థం తెలుసునా అని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను.

“తెల్వకేంది. పిల్లగాడు తింటె నేను కట్టాలె. గంతేగద” అన్నాడు మామ.

వేలిముద్ర వేసి, వేలిని గోడకు రాసుకుని, బయటికొచ్చాక నాతో ఒక్క మాట చెప్పాడు. అప్పుడప్పుడు వచ్చి చూస్తానన్నాడు. ఎవరి గొర్లనైనా కాయడానికి ఒక మనిషిని కుదిర్చి, వాడికి నేను పూచీ అని చెప్పినవాడు మధ్య మధ్య పోయి చూసి రావాలి. అది మా వాళ్లలో ఉన్న రివాజు. ఎప్పుడు వచ్చేదీ ముందు చెప్పకూడదు. మాట్లాడకూడదు కూడా, ఎందుకంటే మాట్లాడితే కాసేవాడు సర్దుకుంటాడు. ఊరికే చూసి పోవాలి. నేను ఉద్యోగం వచ్చిన ఉబ్బులో ఉన్నాను. ఎప్పుడైనా రా మామా, నీకు అడ్డేముంది అన్నాను.

బ్యాంకు ఒక పాత మేడలో ఉండేది. ముందు వరండా, లోపల పెద్ద హాలు, హాల్లో ఒక మూలన నా కోసం ఇనుప జాలీ కట్టిన చిన్న గది. అప్పట్లో మేనేజరును ఏజెంటు అనేవాళ్లు. మా ఏజెంటు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన పెద్దమనిషి. ఇద్దరు గుమాస్తాలూ ఆ వైపు వాళ్లే. చెడ్డవాళ్లు కారు. కానీ నేను నోరు విప్పితే వాళ్ల ముఖాల్లో ఒక నవ్వు కదిలేది. “గిట్ల” అన్నానంటే ఆ పూటంతా వాళ్ల నోట్లో అదే మాట నానేది. నేను మెల్లగా నాలుక మార్చుకున్నాను. “వచ్చిన” అనడం మాని “వచ్చానండీ” అనడం నేర్చుకున్నాను. మొదటి జీతాల్లో మిగిల్చి టెరిలిన్ చొక్కా కుట్టించుకున్నాను. డబ్బు దాచే ఇనుప గదికి రెండు తాళాలుండేవి, ఒక చెవి ఏజెంటు దగ్గర, రెండోది నా దగ్గర. ఇద్దరం కలిస్తే గాని తలుపు తెరుచుకోదు. నా తాళం చెవిని మొలతాడుకు కట్టుకుని స్నానం కూడా దాంతోనే చేసేవాడిని. మొదటి రోజే ఏజెంటు నన్ను కూర్చోబెట్టి, అనుమానం నా మీద కాదనీ, ఆ కుర్చీ మీదేననీ, అందులో తాను కూర్చున్నా ఇంతే చూస్తారనీ నచ్చజెప్పాడు. ఆ మాట నాకు నచ్చింది. అందరినీ సమానంగా అనుమానిస్తే ఎవరికీ అవమానం లేదు కదా అనుకున్నాను.

మామ మొదటిసారి వచ్చినప్పుడు సంత రోజు. హాలు నిండా జనం. నేను తల వంచి నోట్లు లెక్కపెడుతూ ఉంటే ముందు వాసన వచ్చింది. మంద వాసన. చిన్నప్పటి నుంచి ఆ వాసనలోనే పడుకున్నవాడిని, అయినా బ్యాంకులో అది తగిలేసరికి చేతిలోని లెక్క తప్పింది. తలెత్తి చూస్తే ఎదురుగా బెంచీ మీద మామ. భుజాన గొంగడి, మోకాళ్ల మధ్య కర్ర. నన్ను పలకరించలేదు. నవ్వలేదు. ఎండిన మడి వైపు చూసే రైతుకు ఉండే ఓపికతో నన్నే చూస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా ఉండి, చెప్పకుండానే లేచి వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి వస్తూనే ఉన్నాడు. ఎప్పుడు వస్తాడో తెలియదు. వచ్చినవాడు బెంచీ మీద కూర్చుని ఊరుకుంటే అదో దారి. అటెండరును పక్కకు పిలిచి, మా పిల్లగాడు మధ్యాహ్నం ఏం తింటాడని అడిగాడు. ఎదురు హోటల్లో నాకు ఉద్దెర ఖాతా, అప్పు ఏమైనా ఉందా అని వాకబు చేశాడు. నేను కిరాయికుండే ఇంటావిడను, రాత్రి ఏ వేళకు ఇల్లు చేరతాడు, పేకాట గీకాట ఏమన్నా ఉందా అని అడిగాడు. వాళ్లు ఒక్కొక్కరూ నా దగ్గరికి వచ్చి పళ్లికిలించి మరీ చెప్పేవాళ్లు. గుమాస్తాలు మామకు హెడ్డాఫీసు అని పేరు పెట్టారు. జాలీ అవతల నుంచి, హెడ్డాఫీసు దిగిందోయ్ అని చిన్నగా అనేవాళ్లు. నాకు తల కొట్టేసినట్టుండేది.

ఎవరాయన అని ఏజెంటు ఒకసారి అడిగాడు. మా మేనమామండీ, నాకు పూచీ పడిన మనిషి అని చెప్పాను. కాదనలేదు. కాదని చెప్పగలిగితే ఎంత బాగుండునో అని మాత్రం అనుకున్నాను. ఆ సాయంత్రం మామను బస్టాండు దాకా సాగనంపుతూ, ఇకపై బ్యాంకుకు కాకుండా నా అర్రకు రమ్మని, వచ్చినప్పుడు నేనే వండిపెడతానని ఎంతో మర్యాదగా చెప్పాను. ఆయన ఆశ్చర్యపోయాడు.

“అర్రల ఏమున్నది చూడనీకి? పైసలు ఈడ్నే ఉన్నయి గద” అన్నాడు.

బస్సు కదిలేదాకా నిలబడి, వచ్చిన దారినే వెనక్కి నడిచాను. దారి పొడుగునా మామ గొంగడి మీద, కర్ర మీద, ఆ చూపు మీద కోపం తెచ్చుకుంటూనే ఉన్నాను. నా కోసం భూమిని పూచీ పెట్టిన మనిషి మీద ఈ కోపమేమిటని ఒక పక్క సిగ్గు. ఆ సిగ్గు వల్ల ఇంకా కోపం.

ఇక్కడ మా ఇళ్లలోని ఒక అలవాటు చెప్పాలి. మేము మందను లెక్కపెట్టం. సాయంత్రం గొర్లు దొడ్లోకి వస్తుంటే బాపు గుమ్మం దగ్గర నిలబడి చూస్తాడు, అంతే. చెవి తెగినది రాలేదు, నల్ల మచ్చది వెనకబడ్డది అని చూపుతోనే చెప్తాడు. చిన్నప్పుడు బడిలో అంకెలు నేర్చుకున్న హుషారులో వేలు చూపించి లెక్కపెట్టబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది. మందను వరసగా లెక్కపెట్టేది ఒక్కటే సందర్భంలో. పోయినప్పుడు. కాసేవాడు గొర్లను తిన్నాడనో అమ్ముకున్నాడనో మాట వస్తే కులపెద్దలు వస్తారు. కాసేవాడిని పక్కన నిలబెడతారు. కంచెకు ఒక సందు చేసి గొర్లను ఒక్కొక్కటిగా దాటిస్తూ, వేరేవాళ్లు లెక్కపెడతారు. అంటే లెక్క మొదలయ్యేనాటికే తప్పు తేలిపోయినట్టు.

అప్పుడు పూచీ ఉన్నవాడు ఏం చేయాలన్నది కూడా రివాజే. తిన్నావా అని కాసేవాడిని అడగకూడదు. అడిగితే వాడు అబద్ధమైనా ఆడతాడు, ఏడుపైనా ఏడుస్తాడు, రెండింటితోనూ గొర్లు తిరిగి రావు. పూచీ ఉన్నవాడు తన మందలోంచి గొర్లు తెచ్చి, మాట్లాడకుండా ఆ మందలో కలిపి పోవాలి. మందగలాయన కూడా, అయ్యో నాకేం తక్కువ పడలేదే అనాలి. అది మర్యాద. ఆ తర్వాత ఆ సంగతి ఎవరు ఎత్తినా పెద్దలు దండుగ వేస్తారు. ఇవన్నీ పుట్టిన నాటి నుంచి నాకు తెలుసు. బ్యాంకులో కూర్చున్నాక ఒక్కటీ గుర్తుకు రాలేదు.

తనిఖీ ఆఫీసరు హైదరాబాదు నుంచి చెప్పకుండా వచ్చాడు. చెప్పకుండా రావడమే అందులో పని. బస్సు దిగి నేరుగా హాల్లోకి వచ్చి, ఏజెంటుకు తన కాగితం చూపించి, నా జాలీ గది ముందుకొచ్చి నిలబడ్డాడు. నన్ను లేచి పక్కకు రమ్మన్నాడు. జేబుల్లో నా సొంత డబ్బు ఏమైనా ఉంటే తీసి బల్ల మీద పెట్టమన్నాడు. వచ్చినవాళ్లను కాసేపు ఆగమని అటెండరు చెప్పాడు. నాకు బెరుకేమీ లేదు. ఇలాంటిది ఉంటుందని ఏజెంటు ముందే చెప్పాడు, పైగా నా లెక్క మీద నాకు నమ్మకం. గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడి, గుమాస్తాల వైపు చూసి చిన్నగా నవ్వాను కూడా. ఆఫీసరు కట్టలు విప్పి లెక్కపెట్టాడు. ఒక కట్టలో నోట్లు అతుక్కుపోయి తేడా కనిపిస్తే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. చిల్లర కూడా వదలలేదు. అంతా అయ్యాక పైసాతో సహా సరిపోయిందని రాసి సంతకం చేశాడు. ఏజెంటు నా వీపు తట్టాడు.

ఆ రోజు మామ బెంచీ మీదే ఉన్నాడు. నేను నోట్లు లెక్కపెట్టడం ఆయన ఎన్నిసార్లో చూశాడు, అది ఇచ్చిపుచ్చుకునే లెక్క. నన్ను పక్కన నిలబెట్టి వేరే మనిషి లెక్కపెట్టడం ఆయన చూడటం అదే మొదలు. నేను గర్వంగా తలెత్తి బెంచీ వైపు చూసేసరికి ఆయన లేడు. విసుగొచ్చి పోయి ఉంటాడనుకున్నాను. అమ్మయ్య, ఈయన నా మామ అని పై ఆఫీసరుకు తెలియలేదు, నా పరువు దక్కింది అని కూడా అనుకున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ నాకు ముఖం చెల్లడం లేదు.

వారం తిరక్కుండా మామ మళ్లీ వచ్చాడు. ఈసారి బెంచీ మీద కూర్చోలేదు. నా వైపు చూడకుండా నేరుగా ఏజెంటు గదిలోకి పోయాడు. కాసేపటికి ఏజెంటు నన్ను పిలిచాడు. పోయి చూస్తే బల్ల మీద ఒక గుడ్డ మూట, విప్పి ఉంది. నలిగిన నోట్లు, చిల్లర. మామ కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. సూడి గొర్లను అమ్మాడని నాకు తర్వాత తెలిసింది. ఈనబోయే గొర్లను ఎవరూ అమ్మరు. అమ్మేవాడి అవసరం చూసి బేరగాడు సగం ధరే ఇస్తాడు.

“అయ్యా, పిల్లగాడు. గీసారికి నా మొకం జూసి ఇడిశిపెట్టుండ్రి. ఎంత తక్కువబడ్డదో నాకు తెల్వదు. నాతోని గింతే ఐంది. మిగిలింది పంట మీద కడ్త” అన్నాడు మామ.

ఏజెంటుకు మొదట నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. లేచి నిలబడి, ఏమీ తక్కువ పడలేదని, అది మామూలుగా జరిగే తనిఖీ అని, మీ మేనల్లుడు నిప్పులాంటి మనిషని తన కృష్ణా జిల్లా తెలుగులో ఎంతో వివరంగా చెప్పాడు. మామ తల ఊపుతూ విన్నాడు. ఆయన కళ్లల్లో ఏజెంటు మీద గౌరవం పెరగడం నాకు కనిపించింది. తక్కువ పడలేదనే కదా మందగలాయన అనవలసింది. ఈ పెద్దమనిషి మా కులం కాకపోయినా మర్యాద తెలిసినవాడు అనుకుని ఉంటాడు. నాకు అప్పుడు అర్థమైంది. నన్ను పక్కన నిలబెట్టి లెక్కపెట్టగానే నేను తిన్నానని ఆయన నమ్మేశాడు.

“మామా, నేనేం తియ్యలే. ఒక్క పైస తియ్యలే” అన్నాను. ఎన్నాళ్ల తర్వాతో ఆ గదిలో నా సొంత నోటితో మాట్లాడాను.

మామ నా వైపు తిరిగాడు. కోపం లేదు. “నిన్నెవలన్న అడిగిండ్రా?” అన్నాడు.

తలుపు సందులోంచి ఇద్దరు గుమాస్తాలూ చూస్తున్నారు. దొంగతనం చేసి పట్టుబడినవాడు ఎలా నిలబడతాడో నేను అలాగే నిలబడి ఉన్నానని అప్పుడే తోచింది. ఆ డబ్బును ఏం చేయాలో ఏజెంటుకు తోచలేదు. తీసుకోలేడు, మామ వెనక్కి పట్టుకుపోడు. చివరికి మామ పేరు మీద ఒక పొదుపు ఖాతా తెరిచి, వేలిముద్ర వేయించుకుని, పాసుబుక్కు చేతికిచ్చాడు. మామ దాన్ని కళ్లకద్దుకుని రుమాల్లో చుట్టుకున్నాడు. కట్టినట్టు రశీదు అనుకున్నాడు. పోయేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి కొంచెం నొక్కి, వెళ్లిపోయాడు.

తర్వాత ఆయన ఎన్నడూ బ్యాంకుకు రాలేదు. హెడ్డాఫీసు బదిలీ అయిందని గుమాస్తాలు కొన్నాళ్లు నవ్వుకున్నారు. ఏజెంటు మాత్రం నవ్వలేదు. సాయంత్రం ఇద్దరం కలిసి ఇనుప గదికి తాళం వేసేటప్పుడు, అంతకు ముందు కంటే ఒక్క క్షణం ఎక్కువ సేపు నా బల్ల సొరుగులోకి చూసేవాడు. నా ఊహే కావచ్చు. సొంత మేనమామే అలా అనుకున్నాడంటే ఏముందో అని ఆయనకు అనిపించి ఉంటే తప్పు పట్టలేను. బ్యాంకు మనిషిగా ఆయన స్థానంలో నేనున్నా అలాగే చూసేవాడిని.

ఇంటికి పోయి జరిగింది చెప్పాను. అమ్మ అంతా విని, నా తల నిమిరి, “నువ్వయితె తియ్యలేదు గద బిడ్డా?” అంది. ఒక్కసారే అడిగింది. ఆ ఒక్కసారికే నేను ఇల్లెగిరిపోయేలా అరిచాను. బాపు మాట్లాడకుండా తన మందలోంచి గొర్లను తోలుకుని మామ ఇంటికి పోయాడు. మామ తీసుకోలేదు, వచ్చినవాటిని వచ్చినట్టే తిప్పి పంపాడు. నేను స్వయంగా పోయాను. మామ నాకు పెరుగు పోయించాడు, వానల గురించి మాట్లాడాడు. పాసుబుక్కు తెప్పించి, ఇందులో నీ పేరే ఉంది, నీ పైసలే, వడ్డీ కూడా పెరుగుతోంది, వచ్చి తీసుకో అని చదివి చెప్పాను. బ్యాంకులో ఉన్నవాటిని బ్యాంకులోనే ఉండనీయమని చెప్పి లేచి దొడ్లోకి పోయాడు. తనిఖీ అంటే ఏమిటో వెనకాలే పోయి చెప్పబోయాను. మా అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“గా ముచ్చట ఇడిశిపెట్టు బిడ్డా. ఎవలం ఏమంటలేం గద” అంది.

నిజమే. ఎవరూ ఏమీ అనలేదు. పెళ్లిళ్లలో, చావుల్లో, గుట్ట మీది దేవుడికి మొక్కులకు పోయినప్పుడు, అందరూ నన్ను ఇంకా ప్రేమగా చూశారు. పిల్లలు నా ముందు బ్యాంకు మాట ఎత్తితే పెద్దవాళ్లు కళ్లతో ఆపేవాళ్లు. అందరూ క్షమించారు. చేయని తప్పుకు దొరికిన ఆ క్షమను ఎలా తిప్పికొట్టాలో నాకు తెలియలేదు. కాదంటే మామ తెగువను తక్కువ చేసినట్టు, ఊరుకుంటే దొంగనని ఒప్పుకున్నట్టు. నేను ఊరుకున్నాను. సిగ్గుపడుతూ ఊరుకున్నాను. నిజంగా డబ్బు తిని ఉన్నా బాగుండేది, కనీసం ఆ మనిషి చేసిన దానికి ఒక అర్థం ఉండేది అని ఎన్నిసార్లో అనుకున్నాను.

ఉద్యోగంలో మాత్రం ముందుకే పోయాను. క్యాషు గదిలోంచి లెక్కలు రాసే బల్లకు, ఆ బల్ల నుంచి ఆఫీసరుగా మహబూబ్‌నగరుకు. నాకూ తనిఖీ పని అప్పజెప్పారు. చెప్పకుండా బస్సు దిగి, బ్రాంచిల్లోకి పోయి, కుర్రాళ్లను జాలీ గదిలోంచి లేపి గోడ పక్కన నిలబెట్టేవాడిని. అనుమానం నీ మీద కాదు, కుర్చీ మీద అని అదే మాట చెప్పేవాడిని. కానీ లెక్క మొదలుపెట్టే ముందు బయట బెంచీ మీద ఎవరున్నారో చూసేవాడిని. గొంగడివాళ్లో, రుమాలు చుట్టినవాళ్లో ఉంటే తలుపు మూయించేవాడిని. ఆఫీసరుగారికి జాగ్రత్త ఎక్కువ అని అందరూ మెచ్చుకున్నారు.

తర్వాత వరసగా వానలు పడని రోజులొచ్చాయి. మా వైపు బావులు అడుగంటాయి. మందలను మేత కోసం కృష్ణా నది దాకా తోలుకుపోయినవాళ్లు చాలామంది ఉత్త కర్రలతో తిరిగొచ్చారు. మామ మంద దారిలో కొంత, ఇంటికొచ్చాక కొంత పోయిందని, మిగిలినవి తిండిగింజల కోసం అమ్ముకున్నాడని అమ్మ కబురు చేసింది. ఖాతాలో డబ్బు ఉంది. ఆయన వేలిముద్ర లేకుండా అది బయటికి రాదు, ఆయన వేలు పెట్టడు. అప్పుడు నాకు ఒక ఉపాయం తోచింది. ఖాతాలోది అలాగే ఉండనిచ్చి, నా జీతంలో దాచుకున్న దాంట్లోంచి అంత డబ్బూ తీసి ఆయన చేతిలో పెడదామనుకున్నాను. ఎంత కాలంగానో మోస్తున్న బరువు దిగిపోతుందని కూడా ఆశపడ్డాను. మా బ్రాంచి కౌంటరు దగ్గరే తీసుకున్నాను. బ్యాంకు కాగితపు పట్టీ చుట్టిన కొత్త నోట్లు ఇచ్చారు. పట్టీ తీయాలన్న ఆలోచన కూడా రాలేదు, రోజూ చూసేవే కదా.

మామ ఇంటి ముందు పందిరి కింద కూర్చుని కదురుతో ఉన్ని వడుకుతున్నాడు. బాగా చిక్కిపోయాడు. దొడ్డి తలుపు తీసి ఉంది, లోపల ఏమీ లేదు. నన్ను చూసి నవ్వి జరిగి కూర్చున్నాడు. నేను తీరిగ్గా చెప్దామని తెచ్చుకున్న మాటలన్నీ మరిచిపోయి, సంచిలోంచి కట్ట తీసి ఆయన ముందు పెట్టాను. ఉంచుకో మామా, నీకే తెచ్చాను అన్నాను.

ఆయన కదురు ఆపాడు. కట్టను ముట్టుకోలేదు. దాని చుట్టూ ఉన్న పట్టీని చాలాసేపు చూశాడు. తలెత్తి, నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని బాట వైపు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాడు. ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, పక్కనున్న గొంగడి లాగి ఆ డబ్బు మీద కప్పాడు.

“మల్ల గదేనా, అల్లుడా?” అన్నాడు మెల్లగా. నేను నోరు తెరిచేలోపల మళ్లీ తనే అన్నాడు. “గీసారి కట్టనీకి నా తాన గొర్లు లెవ్వు.”